కొమురమ్మ మేకకు పరాయి పిల్ల

కొమురమ్మకు కంటి నిండా నిద్ర కరువై చాలా కాలమైంది. మొగుడు దుర్గయ్యకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఘనపూర్‌లో బస్సెక్కించి భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోవాలి, డయాలసిస్ చేయించి తీసుకురావాలి. మిగతా రోజుల్లో పత్తి ఏరే కూలి. పొద్దున, సాయంత్రం మేకలు.

ఆ రోజు వాళ్లు దవాఖాన నుంచి వచ్చేసరికి దొడ్డిలో నల్లమేక ఈనింది. పిల్ల చచ్చి పుట్టింది. మేక మాత్రం దాన్ని నాకుతూనే ఉంది. కొమురమ్మ దుర్గయ్యను మంచంలో పడుకోబెట్టి వచ్చి మేక పక్కన కూలబడింది. ఏడ్వడానికి కూడా ఓపిక లేదు.

సంగతి తెలిసి పక్క తండా జాల్యా వచ్చాడు. చంకలో తువ్వాల చుట్టిన మేకపిల్ల ఉంది. దాని తల్లి మధ్యాహ్నం ఈని, కాసేపటికే చచ్చిపోయిందట.

"అక్కా, నీ మేక కింద ఇడుద్దమా? సీసతోని పాలు పడ్తే నోరు తెరుస్తలేదు."

"నాకాడ ఓపిక యాడిది జాల్యా? మనిషినే సూసుకోలేకపోతున్న."

జాల్యా పిల్లను కింద దించాడు. వణికే కాళ్లతో అది నేరుగా పొదుగు దగ్గరికి పోయింది. మేక వాసన చూసి తలతో గుద్ది పడేసింది. పిల్ల లేచి మళ్లీ పోయింది. మళ్లీ గుద్దింది. ఇంకోసారి లేవబోతుంటే కొమురమ్మ చూడలేకపోయింది.

"కత్తి ఉన్నదా?" అంది.

ఇద్దరూ కలిసి చచ్చిన పిల్ల తోలు వొలిచి, మేకకు సొంత పిల్ల వాసన తగిలేలా బతికున్న పిల్లకు అంగీ లెక్క తొడిగారు. మేక దాని తోక కింద వాసన చూసింది. తల దగ్గర చూసి అనుమానపడింది. గుద్దలేదు గానీ, కుదురుగా నిలబడనూ లేదు. కొమురమ్మ కొమ్ములు పట్టుకొని మేకను గోడకు అదిమితే, పిల్ల జున్నుపాలు తాగింది.

తోలు వాసన కొట్టడం మొదలయ్యాక తీసేయక తప్పలేదు. తీయగానే మేక మళ్లీ మొదటికొచ్చింది. పూటపూటకూ పట్టుకోవాల్సిందే. పత్తికాయలు గీరిన అరచేతులు కొమ్ములు పట్టుకుంటే భగ్గుమనేవి. ఒకనాటి పొద్దున మేక కాలు విదిలించి పిల్లను తన్నింది. కొమురమ్మ దాని వీపు మీద ఒక్కటిచ్చింది.

"పాలున్నయ్, పిల్లున్నది, ఇంకేం గావాలనే నీకు!"

"కొట్టకే. గది దాని పిల్ల కాదని దానికెరుక," అన్నాడు దుర్గయ్య మంచంలోంచి.

"మరి నన్నేం జెయ్యమంటవ్? నేనెంతమందిని పట్టుకోవాలె?"

దుర్గయ్య లేచి కూచొని, "మేకను గీడికి తే. మంచంకోడుకు కట్టు. నేను పట్టుకుంట," అన్నాడు.

"డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతి మీద బరువెయ్యొద్దన్నరు గద దవాఖానల."

"కుడి చెయ్యి ఉన్నది గద."

అప్పటి నుంచి ఆమె చేనుకు పోతే, అతను వాచిన కాళ్లు కిందికి వేలాడేసి కూచొని మేక తాడు బిగించి పట్టేవాడు. నీళ్లు కూడా కొలుచుకొని తాగాల్సిన మనిషి, పిల్ల గుటగుటా తాగుతుంటే చూస్తూ ఉండేవాడు.

తర్వాత ఒక దవాఖాన రోజు బస్సు ఆలస్యమైంది. పిల్ల పొద్దటి నుంచి పస్తే ఉంటుందని దారిపొడుగునా ఇద్దరికీ దిగులే. దీపాలు పెట్టే వేళకు వాకిట్లోకి వచ్చేసరికి, నల్లమేక వెనక కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. కింద పిల్ల తోక ఆడిస్తూ తాగుతోంది. ఇన్ని రోజులు తన పాలే తాగిన పిల్లకు తన వాసనే పట్టిందేమో, మేక దాని తోక దగ్గర వాసన చూసి, మెల్లగా నాకింది.

"సూసినవా?" అన్నాడు దుర్గయ్య.

"సూసిన." కొమురమ్మ చెప్పులు విప్పకుండానే గడప మీద కూచుంది. సంతోషపడాలని ఉంది. ఒళ్లు సహకరించలేదు. కాసేపటికి తనే లేచి పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది.

దుర్గయ్య మంచంలో కూచొని మేక వైపే చూస్తున్నాడు. "ఇగ రేపటి సంది నాకు పని లేకపాయె," అన్నాడు మెల్లగా.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. చిక్కుడుకాయల చాట తెచ్చి అతని ఒడిలో పెట్టింది.

"పనికేం తక్కువ? ఈనెలు తియ్యి. జర తొందరగ, ఎసరు మసులుతున్నది."