నాలుగో స్క్రూ

మా బావమరిదికి ఒకే ఒక్క దురలవాటు ఉంది. లోకంలో ఎక్కడ ఏ పొరపాటు జరిగినా అది తనదేనంటాడు. పేకాట లేదు, పొగ లేదు, మందు లేదు. ఇదొక్కటే. బస్సు ఆలస్యంగా వస్తే తను తొందరపడి ముందొచ్చేశానంటాడు. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే, కాలు అక్కడ పెట్టినందుకు వాళ్ళకే సారీ చెప్పి దిగిపోతాడు. ఇంటిల్లిపాదీ అతన్ని పేరు పెట్టే పిలుస్తారు. నేను మాత్రం ముద్దాయి అంటాను.

ఒకసారి పన్ను నొప్పని వెళ్తే, డాక్టరు నొప్పి పెట్టే పన్ను వదిలేసి పక్కనున్న మంచి పన్ను పీకేసింది. నేను పక్కనే ఉన్నాను. ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే ముద్దాయి నోటినిండా దూది పెట్టుకుని, "తప్పు నాదేనండీ. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కదా" అన్నాడు. ఆ డాక్టరమ్మ పాపం, మళ్ళీ కూర్చోబెట్టి అసలు పన్ను పీకింది.

అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్. పనిలో చెయ్యి తిరిగినవాడు. కానీ మేనేజరు ఖచ్చితంగా చెప్పేశాడట: "నువ్వు రిపేరు చెయ్యి, నోరు మాత్రం విప్పకు. మాట్లాడ్డానికి వేరే మనిషిని పంపిస్తాను." కారణం ఉంది. ఒక ఆఫీసులో ఎలుక తీగ కొరికేసి లిఫ్టు ఆగిపోతే, మన ముద్దాయి, "ఎలుక సంగతి నేను ముందే ఆలోచించాల్సింది, తప్పు నాదే" అని కాగితం మీద రాసి, సంతకం పెట్టి మరీ ఇచ్చొచ్చాడు.

అతని భార్య నన్ను అన్నయ్యా అంటుంది. ఆ అమ్మాయి బాధ వేరు. "పన్నెండేళ్ళయింది అన్నయ్యా, ఒక్కసారైనా తనివితీరా పోట్లాడుకోలేదు. నేను కొంగు బిగించేలోపే తప్పు ఒప్పేసుకుంటారు. ఇంక నేనెవరితో పోట్లాడను?"

ఇక నా సంగతి. నేను ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫ్ రీడర్ని. ముప్పై ఏళ్ళుగా ఎర్ర కలం పట్టుకుని ఇతరుల తప్పులు దిద్దడమే నా పని. ఆ పనిలో ఉన్నవాడికి సొంతంగా తప్పులు చేసే తీరిక ఉండదని నా గట్టి నమ్మకం. కాబట్టి మా కుటుంబంలో తప్పుల్ని నేను పట్టుకునేవాణ్ణి, అతను పుచ్చుకునేవాడు. ఆ ఏర్పాటు ఇద్దరికీ సుఖంగానే ఉండేది.

ఇలా ఉండగా మా ఆవిడకి యాభయ్యో ఏట ఉద్యోగం చెయ్యాలనిపించింది. మీటింగుల్లో జనం మాట్లాడిన రికార్డింగులు పంపిస్తారు, విని టైపు చేసివ్వాలి. ఇంట్లో కూర్చుని చేసే పనే. ముందు పది రోజుల పరీక్ష. సోమవారం మొదలు, పైవారం బుధవారానికి ఇరవై రికార్డింగులు ముగించి పంపితే పని ఖాయం. పంపకపోతే నమస్కారం. "జీవితంలో మొదటిసారి నా పేరు మీద ఒక ఉద్యోగం" అని ఆవిడ రెండు రోజులు కాలు ఒక చోట నిలపలేదు.

మా పాత కంప్యూటరు ఆన్ చేసి, స్నానం చేసొస్తే, అప్పటికి కళ్ళు నులుముకునేది. దాంతో పని కాదని ముద్దాయి రంగంలోకి దిగాడు. "కొత్తది నేను కట్టిస్తానక్కా" అని ఆదివారం పొద్దున్నే అట్టపెట్టెలతో వచ్చాడు. భోజనాల బల్ల మీద అన్నీ పరిచి, పెద్ద బోర్డును ఇనుప డబ్బాలో కూర్చోబెట్టి, ఒక్కొక్క స్క్రూ బిగించి, తీగలన్నీ జడల్లా అల్లి, సాయంత్రానికల్లా కంప్యూటర్ని లేపి నిలబెట్టాడు. మా ఆవిడ మురిసిపోయింది. ముద్దాయి మాత్రం, "కాస్త ఆలస్యమైంది, తప్పు నాదే" అన్నాడు.

సోమవారం సజావుగా నడిచింది. మంగళవారం పదిన్నరకి తెర టప్పున నల్లబడింది. ఒక్క క్షణం ఆలోచించుకుని, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదట్నుంచి ఆన్ అయింది. నలభై నిమిషాల టైపింగు గాల్లో కలిసిపోయింది. నాలుగింటికి మళ్ళీ అదే. బుధవారం మూడుసార్లు. ఎప్పుడు పోతుందో, ఎందుకు పోతుందో దానికే తెలియదు.

ముద్దాయి డ్యూటీ అవగానే పరిగెత్తుకొచ్చాడు. వచ్చి కూర్చుంటే ఆ కంప్యూటరు పెళ్ళిచూపుల్లో పిల్లలా ఒద్దికగా పనిచేసింది. రెండు గంటలు చూశాడు. మేమంతా ఊపిరి బిగబట్టి చుట్టూ కూర్చున్నాం. ఊహూఁ, పోలేదు. అతను వీధి మలుపు తిరగ్గానే పోయింది.

"నువ్వుంటే పోదురా!" అని మా ఆవిడ ఫోన్లో మొత్తుకుంది.

"తప్పు నాదే అక్కా. వెళ్ళకుండా ఉండాల్సింది."

మర్నాడు ఒక తెల్ల కాగితం మీద గీతలు గీసి తెచ్చాడు. "పోయినప్పుడల్లా టైమూ, ఆ నిమిషంలో ఇంట్లో ఎవరేం చేస్తున్నారో రాయక్కా. ఎంత చిన్న పనైనా సరే. మంగళవారం నుంచి గుర్తున్నవి కూడా." ఆ తర్వాత పూటకొక చికిత్స మొదలెట్టాడు. ఉన్నదంతా తుడిచి మళ్ళీ కొత్తగా ఎక్కించాడు. పోయింది. మెమరీ తీసేసి, తమ ఇంట్లో కంప్యూటర్లోని మెమరీ తెచ్చి పెట్టాడు. పోయింది. కరెంటు సరఫరా చేసే పెట్టె మార్చి, తమ ఇంట్లోది తెచ్చి పెట్టాడు. పోయింది. శుక్రవారానికి వాళ్ళింట్లో కంప్యూటరుకి ఉత్త డబ్బా మిగిలింది.

నేనూ ఊరుకోలేదు. వోల్టేజీ అన్నాను, దుమ్మన్నాను, ఉక్కపోత అన్నాను. ముద్దాయి ప్రతిదానికీ, "అవునండీ, అది నేను ఆలోచించలేదు, తప్పు నాదే" అని రాసుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం మా ఆవిడకి ఓపిక పూర్తిగా నశించింది. ఆ రోజు గంటసేపు కష్టపడి చేసింది మొత్తం పోయింది. ఇరవైలో అయినవి ఆరే. "చేతకాకపోతే చేతకాదని ముందే చెప్పాలిరా! నిన్ను నమ్ముకుని నా ఉద్యోగం నేనే చెడగొట్టుకున్నాను. ఇంకెప్పుడూ నా ఇంట్లో దేనిమీదా చెయ్యి వెయ్యకు" అనేసింది.

"తప్పు నాదే అక్కా" అన్నాడు ముద్దాయి. అదే మాట వెయ్యిసార్లు విన్నాను. ఆ రోజు మాత్రం గొంతు చాలా చిన్నగా వచ్చింది. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. ఇంతవరకూ చెప్పకపోవడానికి కారణం, సందర్భం రాకపోవడం కాదు, ధైర్యం రాకపోవడం.

కంప్యూటరు కట్టిన మర్నాడు, అంటే సోమవారం సాయంత్రం, మా ఆవిడ బజారుకి వెళ్ళింది. సొరుగు తెరిస్తే ఒక చిన్న ప్లాస్టిక్ కవరు కనిపించింది. అందులో నాలుగు స్క్రూలు. కవరు మీద ముద్దాయి చేతిరాతతో '4' అని ఉంది. మిగిలిపోయాయన్నమాట! నా ఒళ్ళు జలదరించింది. మిగిలాయంటే ఎక్కడో బిగించడం మరిచిపోయాడనేగా? అచ్చులో ఒక కామా తప్పిపోతేనే నాకు నిద్ర పట్టదు. ఏకంగా నాలుగు స్క్రూలు! ముద్దాయి తప్పొకటి పట్టుకున్నానన్న సంతోషంతో డబ్బా పక్క తలుపు తీశాను. లోపల ఒక చిల్లు ఖాళీగా కనిపించింది. మొదటి స్క్రూ అక్కడ పెట్టబోయాను. వేళ్ళ సందునుంచి జారింది. టిక్కుమంది. ఆ తర్వాత కనిపించలేదు.

టార్చిలైటు వేసి చూశాను. డబ్బాని కాస్త ఊపి చూశాను. చప్పుడు లేదు. నేలమీద పడి దొర్లిపోయి ఉంటుందని నాకు నేనే తీర్పిచ్చుకున్నాను. మిగతా మూడూ కవర్లో వేసి, కవరు సొరుగులో పెట్టి, తలుపు బిగించి, పేపరు చదువుతూ కూర్చున్నాను. మంగళవారం తెర నల్లబడగానే నాకు అనుమానం వచ్చింది. మంగళవారమే చెప్పి ఉంటే నిమిషం పని. బుధవారం చెప్పడం కష్టమనిపించింది. శుక్రవారానికి అసాధ్యమైపోయింది. ముప్పై ఏళ్ళు ఎర్ర కలం పట్టిన చేతికి తన తప్పు చుట్టూ సున్నా చుట్టడం రాలేదు.

ఆదివారం పొద్దున్న ముద్దాయి మళ్ళీ వచ్చాడు. రావద్దన్నా వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "కంప్యూటరు ముట్టుకోనక్కా. ఆ కాగితం ఒక్కటీ చూసి వెళ్ళిపోతాను" అన్నాడు. మా ఆవిడ కాగితం చేతికిచ్చింది. అతను పైకే చదవడం మొదలెట్టాడు.

"మంగళవారం పదిన్నర. బావగారు బీరువా తలుపు వేశారు. నాలుగు గంటలు. బావగారు కుర్చీ లాగారు. బుధవారం పదకొండు. బావగారు పుస్తకాల కట్ట బల్లమీద పడేశారు. బుధవారం రెండు. బావగారు తుమ్మారు..."

"ఇంట్లో మీరు తప్ప ఇంకెవరూ కదలరా?" అంది మా ఆవిడ నావైపు తిరిగి.

"రాసింది నువ్వేగా!" అన్నాను.

ముద్దాయి మొహం వెలిగింది. "అంటే బల్ల అదిరినప్పుడు పోతోంది! నేనొచ్చినప్పుడు మీరంతా పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చుంటున్నారు, అందుకే పోలేదు. ఇంత తేలిక సంగతి కనిపెట్టలేకపోయాను, తప్పు నాదే. బావగారూ, మీరొక్కసారి తుమ్మండి."

"తుమ్మమంటే తుమ్మొస్తుందటయ్యా?"

"పోనీ, ఆ బీరువా తలుపు వెయ్యండి. ఎప్పట్లాగే."

ధడేల్మని వేశాను. తెర నల్లబడింది. అతను వెళ్ళకముందే పోవడం అదే మొదటిసారి. మా ఆవిడ కోపం మరిచిపోయి చప్పట్లు కొట్టింది.

ఇక ఎవరి అనుమతీ అడగలేదు. తీగలు ఊడదీశాడు, బోర్డు బిగించిన స్క్రూలు ఒక్కొక్కటే విప్పి పళ్ళెంలో వేశాడు. బోర్డును రెండు చేతులతో పైకి లేపాడు. దాని వెనక, డబ్బా గోడకీ బోర్డుకీ మధ్య ఇరుక్కున్నదేదో టింగుమని కిందపడింది. నాకు ఆ చప్పుడు గుండెలో వినిపించింది.

"ఏంట్రా అది?"

"స్క్రూ అక్కా. బల్ల అదిరినప్పుడల్లా ఇది బోర్డుకి తగిలి షార్టవుతోంది" అంటూ ముద్దాయి దాన్ని అరచేతిలో వేసుకుని చూశాడు. సొరుగు తెరిచి ప్లాస్టిక్ కవరు తీశాడు. మీద నాలుగు అని ఉంది, లోపల మూడున్నాయి. తలెత్తి నావైపు చూశాడు. అరక్షణం కూడా కాదు. నేను కిటికీ తెర మీద పువ్వులు లెక్కపెడుతున్నాను.

"తప్పు నాదే అక్కా" అన్నాడు. "బిగించేటప్పుడు చేజారి ఉంటుంది. చూసుకోలేదు."

మా ఆవిడ గుక్క తిప్పుకోకుండా ఐదు నిమిషాలు దులిపేసింది. ముద్దాయి తలవంచుకుని, తిట్లన్నీ వింటూనే బోర్డు మళ్ళీ బిగించేశాడు. కంప్యూటరు లేచింది. బీరువా తలుపు నాచేత పదిసార్లు వేయించారు. పోలేదు. ఆరో నిమిషానికి మా ఆవిడ, "ఏమైనా తిన్నావా లేదా?" అని తమ్ముణ్ణి అడిగి, వంటింట్లోకి వెళ్ళింది.

మా కంప్యూటరుకి మా సామాన్లే తిరిగి పెట్టి, తన ఇంటి నుంచి తెచ్చినవన్నీ సంచిలో వేసుకుని బయల్దేరితే, సంచి మోసే మిషతో నేనూ బస్‌స్టాపుదాకా వెళ్ళాను. అక్కడ జేబులోంచి ఆ కవరు తీసి నా చేతిలో పెట్టాడు. నాలుగూ ఉన్నాయి.

"కంపెనీవాళ్ళు ఎప్పుడూ నాలుగు ఎక్కువే ఇస్తారండీ. ఇవి అక్కర్లేదని ఆ రోజే మీకు చెప్పాల్సింది. మీలాంటి పద్ధతైన మనిషి మిగిలిన స్క్రూలు చూసి ఎలా ఊరుకుంటారు? తప్పు నాదే."

కవరు గబుక్కున జేబులో దాచేశాను. "అక్కడే చెప్పొచ్చు కదయ్యా. అన్ని తిట్లు ఎందుకు తిన్నావు?"

"నన్ను తిడితే అక్కకి ఐదు నిమిషాల్లో పోతుందండీ. మిమ్మల్ని తిడితే మీరు మాటకి మాట అంటారు, రెండు రోజులు నడుస్తుంది. అవతల బుధవారానికి ఇంకా పన్నెండు రికార్డింగులున్నాయి కదా!"

నాకు హఠాత్తుగా ఇంకోటి గుర్తొచ్చింది. "మరి ఆ పన్ను?"

"ఆ అమ్మాయికి ఉద్యోగంలో అదే మొదటిరోజండీ, చేతులు వణుకుతున్నాయి. ఆ పిల్లకున్నది ఒక్క ఉద్యోగం. నాకు ఇంకా చాలా పళ్ళున్నాయి" అని బస్సెక్కేశాడు. ఎక్కుతూ ఎవరో కాలు తొక్కితే సారీ కూడా చెప్పాడు.

ఆ మూడు రోజులూ నేను ఇంట్లో పిల్లిలా తిరిగాను. బుధవారం మధ్యాహ్నానికి ఇరవయ్యో రికార్డింగు వెళ్ళింది. శుక్రవారం మా ఆవిడకి ఉద్యోగం ఖాయమైనట్టు కబురొచ్చింది. ఆవిడ కాఫీ తెచ్చిచ్చిన ఆ మంచి ఘడియ చూసుకుని, గొంతు సవరించుకుని, జన్మలో మొదటిసారి ఆ మాట అన్నాను.

"ఇదిగో, ఆ స్క్రూ పడేసింది మీ తమ్ముడు కాదు. నేను. తప్పు నాదే."

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. కళ్ళు చెమర్చాయి. "మా తమ్ముడి మీద మాట పడకూడదని మీ నెత్తిన వేసుకుంటున్నారా? ఇన్నేళ్ళ కాపురంలో మీరింత మంచివారని నాకు తెలియనే లేదు!"

"కాదే, నిజంగా నేనే..."

"చాల్లెండి. మీరు తప్పు చెయ్యడమేమిటి?" అని ఆ పూటే వాళ్ళ చెల్లెళ్ళిద్దరికీ ఫోన్ చేసి నా మంచితనం గురించి చెప్పేసింది. సాయంత్రానికి చుట్టాల్లో సగంమందికి నేను దేవుణ్ణైపోయాను.

వీధిలోకొచ్చి ముద్దాయికి ఫోన్ చేశాను. "ఒప్పుకున్నానయ్యా. ఎంత చెప్పినా మీ అక్క నమ్మడం లేదు!"

అవతల నిట్టూర్పు వినిపించింది.

"ఆ మాట అందరికంటే ముందు నేనే అనేసి ఇంకెవరికీ మిగల్చలేదు, బావగారూ. తప్పు నాదే."