తాతగారి గుమ్మం ఎత్తు

బాపట్లలో కట్టించుకుంటున్న చిన్న మేడకు, రేపల్లెలోని మా తాతగారి ఇంటి ద్వారబంధమే పెట్టాలని నా పట్టుదల. ఆ ఇల్లు నేను బడికి వెళ్లే రోజుల్లోనే చేతులు మారింది. ఈమధ్య దాన్ని పడగొడుతున్నారని తెలిసింది. అడగడం మా వంశంలో అలవాటు లేదు కాబట్టి, కబురు మాత్రం పంపాను. టేకు ద్వారబంధం ఇచ్చారు. దాన్ని అక్కడే ఒక వడ్రంగి షెడ్డులో పెట్టించాను. ఆ ఇంటి నుంచి మాకు మిగిలింది అదొక్కటే.

తెనాలిలో ఇంజనీరుగా ఉన్న మా అక్క కూతురు ఇంటి ప్లాను చూస్తోంది. ఆమె కాగితం మీద గీతలు గీయదు. కంప్యూటరులో ఇల్లంతా ముందే కట్టేస్తుంది. దాన్ని బిమ్ అంటారట. అందులో గోడంటే గీత కాదు, తన ఎత్తూ మందమూ ఇటుకా తనకు తెలిసిన గోడ. ఒకే చోటికి రెండు వస్తువులు వస్తే ఎర్రగా చూపిస్తుంది.

నేను చెప్పిన ఎనిమిదడుగుల ఎత్తుతో మా ద్వారబంధం పెట్టగానే ఎర్రబడింది.

"మీ గుమ్మం మెట్ల దూలంలోకి దూరుతోంది మావయ్యా," అంది.

"దూలాన్ని పైకి లేపు."

లేపింది. దాంతోపాటు మెట్లూ మారాయి. మేడమీది స్నానాలగది ఎత్తులో సగం మాయమైంది.

"ఇక మీరు కూర్చునే స్నానం చేయాలి. ఇంతకీ ఎనిమిదడుగులని కొలిచే చెప్పారా?"

"మా గుమ్మం సంగతి నాకు టేపు చెప్పాలా? కొలకలూరు నుంచీ చుండూరు నుంచీ వచ్చిన పెద్ద రైతులు కూడా తల వంచుకునే లోపలికొచ్చేవాళ్లు. తాతగారంటే అంత గౌరవం."

ఆమె రేపల్లె వడ్రంగికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, కొలవమంది. బస్తాలు జరిపిన చప్పుడు, తర్వాత అతని గొంతు.

"గడపతో కలిపి ఐదడుగుల ఎనిమిదంగుళాలండి. పాతకాలం గుమ్మాలు ఇంతేనండి. వంగకపోతే నెత్తి బొప్పి కడుద్ది."

ఫోన్ పెట్టేశాక మేనకోడలు నా వంక చూసింది.

"అయితే ఆ గౌరవమంతా టేకుదన్నమాట. మరి తాతగారో?"

"ఆయన పొట్టి. వంగాల్సిన పనిలేదు."

కొలత మార్చింది. ఎరుపు పోయింది, స్నానాలగది తిరిగొచ్చింది. తర్వాత ఒక మనిషి బొమ్మను గుమ్మంలోంచి నడిపించింది. దాని నుదురు పై చెక్కకు తగిలి ఆగిపోయింది.

"ఎవరది?"

"మీరే. ఆరడుగులు పెట్టాను. కొత్త చెక్క అతికించి గుమ్మం ఎత్తు పెంచమంటారా?"

"తాతగారి గుమ్మానికి అతుకా? ఆ బొమ్మనే వంగమను."

"అది వంగదు మావయ్యా. మీ పోలికే."

మంచిరోజు చూసి ద్వారబంధం నిలబెట్టాం. పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టాక అందరూ నావైపే చూశారు. మేనకోడలు ముందే లోపలికి వెళ్లి ఫోన్‌తో ఫొటో తీయడానికి నిలబడింది.

"ముందు మీరే రావాలి మావయ్యా. నెమ్మదిగా."

కుడికాలు లోపల పెట్టి, తాతగారి మీద గౌరవంతో తల వంచాను.