సూర్యారావు గారి చిత్రిక మిషను

మా పక్కింటివాళ్ళు పైన గది వేస్తున్నారు. మొన్న సోమవారం పొద్దున్న వడ్రంగి చేతి మిషనుతో గుమ్మాల చెక్కను చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. ఖాళీగా తిరిగేటప్పుడు ఆ మిషను గొంతు సన్నగా ఉంటుంది. చెక్క తగలగానే బరువెక్కుతుంది. మళ్ళీ సన్నబడిందంటే పలక దాటిందని అర్థం. నేను బియ్యం ఏరుతూ వింటున్నాను. బరువెక్కిన చప్పుడు మధ్యలో తెగితే నా చేతులు ఆగిపోతున్నాయి. వడ్రంగి మంచినీళ్ళకు ఆపాడని తెలిశాకే మళ్ళీ పని సాగుతోంది. “మీకెందుకండీ ఆ గోల, లోపలికి రండి అత్తయ్యగారూ” అంది మా కోడలు. ఆమె సూర్యారావు గారిని ఎరగదు.

కొత్తపేటలో కాలవగట్టున ఆయనకు కలప షెడ్డు ఉండేది. తలుపులు, గుమ్మాలు, కిటికీలు చేసి అమ్మేవారు. మా ఆయన పోయిన మరుసటి సంవత్సరం, 1994 జూన్‌లో, నేను అక్కడ బిల్లులు రాయడానికి చేరాను. అప్పటికి నాకు నలభై ఒకటి. సూర్యారావు గారు పొట్టిగా, వెడల్పుగా, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు నేలకేసి చూస్తూ ఉండేవారు. చేరిన వారంలోనే ఆయన పద్ధతి ఒకటి చూశాను. తలుపు తయారయ్యాక, కొన్నవాళ్ళు రాకముందే, సుద్దముక్కతో దాని లోపాల చుట్టూ సున్నాలు చుట్టేవారు. ఇక్కడ ముడి, ఇక్కడ సన్న పగులు, ఇక్కడ మాటు వేశాం అని.

“కొనేవాళ్ళకి మనమే చూపిస్తామా అండీ?” అని అడిగాను.

“ఆయ్. ఇంటికెళ్ళేక చూసుకుంటే తిడతారు. ఇక్కడే చూస్తే బేరమాడతారు. తిట్టు కంటే బేరం నయం కదండీ.”

“వాళ్ళింట్లో తిట్టుకుంటే మనకేం వినపడుద్దండీ? బేరమైతే మన చెవి పక్కనే” అన్నాడు సత్తిబాబు. షెడ్డులో పెద్ద వడ్రంగి అతనే. ముప్పై ఏళ్ళవాడు. ఆయనకు ఎదురు మాట్లాడే చనువు అతనొక్కడికే ఉండేది. ఆయన నవ్వరు కానీ, సత్తిబాబు రాని రోజు షెడ్డులో రెండుసార్లయినా అతని పేరు ఎత్తేవారు.

1996 నవంబరు తుఫాను మా ప్రాంతంలో కొబ్బరి తోటల్ని పడుకోబెట్టేసింది. పొలాల్లో, గట్ల మీద, కాలవల్లో అడ్డంగా మానులే. ఇళ్ళ కప్పులు లేచిపోయి జనం తాటాకు పందిళ్ళలో ఉంటున్నారు. టేకు కొనే స్తోమత ఎవరికీ లేదు. పడిపోయిన కొబ్బరి మానులతోనే వాసాలు, తలుపులు చేయాలని సూర్యారావు గారు పట్టుబట్టారు. కొబ్బరి మాను పైపొర ఇనుములా ఉంటుంది, లోపల బెండులా ఉంటుంది. చేతి చిత్రిక పడితే పీచు లేచి అరచేతుల్లో దిగేది. మధ్యాహ్నానికి కత్తి మొండిబారేది. దానికి మిషనే కావాలి, అదీ బరువైన మిషను. కొత్తది కొనడం ఆయన వల్ల కాదు.

1997 ఫిబ్రవరిలో రామచంద్రపురం దగ్గర కలప కోత కూడా చేసే బియ్యం మిల్లు ఒకటి మూతపడిందని, అందులో పాత చిత్రిక మిషను ఉందని కబురొచ్చింది. బిల్లు సరిచూడడానికి నన్నూ తీసుకెళ్ళారు. గోనెసంచుల వెనక, ఎలుకల పెంట కింద, ఒక ఇనుప బల్ల. మనిషి పడుకునేంత పొడవు. మీద ఏదో విదేశీ భాషలో అక్షరాలు, సగం చెరిగిపోయి ఉన్నాయి. ఇప్పటి మిషన్లలో కత్తులు బిగించే రోలరు అప్పడాల కర్రలా గుండ్రంగా ఉంటుంది. దీనిది నాలుగు పలకలుగా, దూలం ముక్కలా ఉంది. సత్తిబాబు దాన్ని చేత్తో తిప్పి చూసి, “ఇదేంటండీ బాబూ, రోలరుకి చదరం కొట్టేరు” అన్నాడు.

మిల్లు వాళ్ళబ్బాయి పక్కనే నిలబడ్డాడు. సూర్యారావు గారు అతణ్ణి సూటిగా అడిగారు. “దీన్ని ఎందుకు ఆపేసేరండీ?”

“మిల్లే ఆపేసేం కదండీ. ఆడినన్నాళ్ళు బాగానే ఆడిందండి.”

లారీలో వేసుకుని వచ్చాం. బాగుచేయడానికి మూడు నెలలు పట్టింది. కిరసనాయిలు పోసి, కొబ్బరి పీచుతో తోమి, తుప్పు వదలగొట్టారు. అరిగిపోయిన బేరింగుల్లో లోహం కరిగించి పోయడం ఆయనే చేశారు, మరొకరిని దగ్గరికి రానివ్వలేదు. తెగిన తోలు పట్టా అమలాపురంలో కుట్టించారు. కత్తులు రాజమండ్రిలో సానబట్టించారు. రోలరు మీదికి ఒక కర్ర మూత కూడా చేశారు. వెడల్పు పలకలు తోసేటప్పుడు మాత్రం దాన్ని తీయక తప్పేది కాదు. మే నెలలో మొదటి కొబ్బరి పలక అవతలి పక్కకు వచ్చింది. గోధుమరంగు మీద నల్లని చుక్కలు, చెయ్యి వేస్తే గాజులా ఉంది. ఆయన ఆ పలక మీద చెంప ఆనించి చూశారు. సత్తిబాబు నా వైపు తిరిగి, “మన బాబుగారు పెళ్ళినాడు కూడా ఇలా లేరటండి” అన్నాడు.

కొబ్బరి మానుకు ఇంకో పేచీ ఉంది. పెరట్లో చెట్టంటే బట్టల తీగ దానికే, ఆవు తాడు దానికే, దీపం తగిలించే మేకు దానికే. మేకు తల తుప్పుపట్టి రాలిపోయినా ఒళ్ళు మానులోనే ఉండిపోతుంది. అందుకని మాను తెచ్చిన రైతును ఆయన అడిగేవారు కాదు. వాళ్ళింటికి వెళ్ళి ఇల్లాలిని అడిగేవారు. “అమ్మా, మీ బట్టల తీగ ఏ చెట్టుకుండేదండీ? ఏ ఎత్తున?” ఆడవాళ్ళు చెట్టు పడిపోయి నెలలైనా చేత్తో ఎత్తు చూపించి మరీ చెప్పేవారు. మగవాళ్ళు మాత్రం ఏమీ లేవండీ అనేవారు.

ఆగస్టులో వచ్చిన లోడు పొలం గట్ల మీది చెట్లు. నాలుగూళ్ళ మానులు కలిసిపోయాయి. ఏ ఇంటికి వెళ్ళి అడగాలో తెలియదు. గట్టు మీది చెట్టుకు మేకులుండవనే అందరం అనుకున్నాం. ఒక రైతు తన హద్దు చెట్లకు మేకులు కొట్టి ముళ్ళతీగ కట్టాడని తరవాత తెలిసింది. సత్తిబాబు వెడల్పు పలక తోస్తున్నాడు, మూత తీసి ఉంది. చప్పుడు మధ్యలో తెగింది. పలక వెనక్కి ఎగిరింది. నేను బిల్లు రాస్తున్నాను. తల ఎత్తేసరికి అతను ఎడమ చెయ్యి కుడి చేత్తో పట్టుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. బొటనవేలు ఒక్కటే మిగిలింది.

సత్తిబాబును ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన మర్నాడే సూర్యారావు గారు మళ్ళీ ఆ మిల్లుకు వెళ్ళారు. నేనూ వెళ్ళాను. ముసలి కాపలాదారు ఒక్కడే ఉన్నాడు.

“మా దగ్గర కూడా ఇద్దరివి పోయేయండి” అన్నాడతను. “మేకు తగిలితే ఏ మిషనైనా తంతాది. గుండ్రటిదైతే వేలి కొస గీరి వదిలేస్తాది. ఇది చదరం రోలరు కదండీ, మూలకీ మూలకీ మధ్య చెయ్యి పట్టేంత సందండి. తిరిగేటప్పుడు కనపడదు. లోపలికి లాక్కుంటాది.”

“ఆ రోజు నువ్వు ఇక్కడే ఉన్నావు కదయ్యా.”

“కొనేవాళ్ళతో మాటాడొద్దన్నారండి.”

తిరుగు బస్సెక్కాం. కాలవ వంతెన దాటాక, “ఆ రోజు ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది” అన్నారు. అంతే.

మిషను అమ్మి, వచ్చింది సత్తిబాబుకు ఇవ్వాలని నిర్ణయించారు. దాంతో అతను సోడా కొట్టు పెట్టుకోవాలి. అతనికి ఇద్దరు పిల్లలు, వేరే దారి లేదు. కొనేవాణ్ణి సత్తిబాబే వెతికి తెచ్చాడు, తాటిపాకలో కొత్తగా బల్లల, కుర్చీల షాపు పెడుతున్నాయన. అతను మిషను చుట్టూ తిరిగి, “ఎంత ముద్దుగా చేయించేరండీ, పెళ్ళికూతుర్లా ఉంది” అన్నాడు. బేరం కుదిరింది. టీ వచ్చింది. సత్తిబాబు కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పుకుని బల్ల చివర కూర్చున్నాడు.

సూర్యారావు గారు టీ ముట్టుకోలేదు. “తీసుకెళ్ళే ముందు ఒకటి వినండి. ఇది చేతులు తింటాది. రామచంద్రపురంలో ఇద్దరివి తింది. ఇక్కడ ఇతనిది. సత్తిబాబూ, తువ్వాలు తియ్యి.”

సత్తిబాబు తీయలేదు. వచ్చినాయన తువ్వాలు కేసి చూసి, టీ పూర్తిగా తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, “ఆయ్, అలాగాండి. ఇంట్లో ఒకమాట అడిగి చెప్తానండి” అని లేచాడు. మళ్ళీ రాలేదు.

“బాగుందండి” అన్నాడు సత్తిబాబు. “మీరు మంచోరని చెప్పుకోడానికి నా చెయ్యి పనికొచ్చింది.”

“రేపు అతని దగ్గర పనిచేసేవాడి చెయ్యి పోతేనో?”

“ఆడి చెయ్యి ఆడు చూసుకుంటాడండి. నా చెయ్యి ఎవరు చూసేరు?”

ఆ సాయంత్రం సూర్యారావు గారి భార్య షెడ్డు గుమ్మంలో నిలబడి, “మిషను తీసుకెళ్ళేదాకా నోరు మెదపకుండా ఉంటే ఏం పోయేదండీ?” అని అడిగారు. ఆయన లేచి సమ్మెట తీసుకున్నారు. పోత ఇనుము కొడితే పగులుతుంది. తాను మూడు నెలలు తోమిన బల్లను ముక్కలు చేశారు. రోలరు పగలలేదు. దాన్ని బండి మీద వేయించి గౌతమిలో పడేయించారు. ముక్కలు పాతసామాను వాళ్ళు తూకానికి తీసుకున్నారు. వచ్చింది సత్తిబాబు మందులకే చాలలేదు. 1998 జనవరిలో షెడ్డు స్థలం అమ్మి ఆ సోడా కొట్టు పెట్టించారు. సత్తిబాబు డబ్బు తీసుకున్నాడు కానీ బాబుగారూ అని మళ్ళీ పిలవలేదు. నేను రావులపాలెంలో ఎరువుల కొట్లో పనికి కుదిరాను.

సూర్యారావు గారు 2004 మార్చిలో పోయారు. సత్తిబాబు రాలేదు. మూడేళ్ళ తరవాత రావులపాలెం బస్టాండులో కనిపించి, పక్కన చోటిచ్చాడు.

“ఆయన చెప్పింది తప్పంటారా అక్కగారూ?”

“తప్పు కాదు సత్తిబాబూ.”

“నేనన్నది?”

“అదీ తప్పు కాదు.”

“మీరు లెక్కలు రాసినోరు. రెండు పక్కలా ఒకటే వస్తే సరిపోయిందంటారు కదండీ. నాకు సరిపోలేదండి” అన్నాడు. అతని మునుపటి నవ్వు ఒక్క క్షణం వచ్చి పోయింది.

2011లో మా పెరటి స్థలం అమ్మాను. వేసవిలో ఆ నూతి నీళ్ళు ఉప్పెక్కుతాయని కొనేవాళ్ళకు నేనే చెప్పాను. వాళ్ళు ధర తగ్గించారు. ఇంటికొచ్చి, ఆ నష్టం ఎవరి మీద పడిందో చూసుకున్నాను. నా ఒక్కదాని మీదే. అందుకే నా నోరు అంత తేలిగ్గా తెరుచుకుంది. సూర్యారావు గారు నోరు తెరిచిన రోజు నష్టపోయేవాడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆయన వాడి మొహంలోకి చూస్తూనే చెప్పారు. నాకు అలాంటి రోజు ఇంతవరకు రాలేదు. వస్తే చెప్పాలని ఆయన దగ్గర నేర్చుకున్నాను. రాకూడదని మాత్రం కోరుకుంటూనే ఉన్నాను.