చూసిన గుడ్డు, తిన్న గుడ్డు

ఆ రోజు పొద్దున ఎనిమిదైనా అమ్మ క్యాలెండరులో సున్న చుట్టలేదు. పెన్సిలు మేకుకు కట్టిన దారానికి అట్లాగే వేలాడుతూ ఉంది. ఏమని అడిగాను. ఫోను వచ్చిందని, ఆసుపత్రి తిండి మేడమ్ తెల్లవారుజామున పోయారని చెప్పింది.

డైటీషియన్ అన్న మాట ఆమె గది బోర్డు మీద మాత్రమే ఉండేది. మా గుంతకల్లులో అందరికీ ఆమె తిండి మేడమే.

ఇంటర్ చివరి నెలల్లో, కాలేజీలో ప్రార్థనకు నిలబడి రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాను. రక్తం తక్కువగా ఉందని డాక్టరు ఐరన్ మాత్రలు రాసి, ఆమె దగ్గరికి వెళ్లమన్నాడు. డిగ్రీకి అనంతపురం హాస్టలుకు పోవాలని నా ఆశ. రైల్వేలో పనిచేసే నాయన ఒక్కటే మాట చెప్పాడు.

"మూడు నెలల్లో రక్తం పెరిగితేనే హాస్టలు. ఆడ పడిపోతే ఎవురు ఎత్తుతారు?"

ఆసుపత్రికి తీసుకుపోతూ దారిపొడుగునా గొణిగాడు. "తినేది చెప్పేదానికి గూడా ఒక మేడమా!"

బయట బెంచీ మీద పుస్తకం తెరిచాను గానీ చదవలేదు. లోపల తిడతారనుకున్నాను. ఆపిల్ బొమ్మ ఉన్న కాగితం ఒకటి చేతికిస్తారనుకున్నాను.

తిట్టలేదు, కాగితమూ ఇవ్వలేదు. బరువు, ఎత్తు చూశారు. ఎన్నింటికి లేస్తాను, టీ ఎప్పుడు తాగుతాను, నెలసరి ఎట్లా ఉంటుంది, అన్నీ అడిగారు. తినేటప్పుడు పక్కన ఎవరుంటారని కూడా అడిగారు.

"పుస్తకం" అన్నాను. నవ్వారు.

"నిన్న ఏమేం తింటివి?"

పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. సంగటి, గోగాకు పప్పు, అన్నం, చారు, గుడ్డు కూర.

"గుడ్డు తింటివా, చూస్తివా?"

చూసిందే. గుడ్లు నాయనకూ అన్నకూ. మా ఇళ్లలో ఏం తిన్నావని అడిగితే ఆ రోజు వండింది చెబుతాం. అది అబద్ధమని అప్పటిదాకా నాకు తోచలేదు.

"తప్పు గాదులే పాపా. ఈడికొచ్చేవాళ్లంతా పొయ్యి మీద ఉండేదే చెప్తారు. నాకు నోట్లోకి పోయింది కావల్ల."

వారం రోజులు నోట్లోకి పోయింది మాత్రమే రాయమన్నారు. వచ్చేటప్పుడు నేను తినే గిన్నె కూడా తెమ్మన్నారు.

రెండోసారి అమ్మ తోడు వచ్చింది. మేడమ్ నా గిన్నెలో నీళ్లు నింపి, వాటిని గీతల గ్లాసులో పోసి చూపించారు. నేను 'గిన్నెడు పప్పు' అని రాసుకున్నది ఆ గ్లాసులో సగం కూడా రాలేదు. ఆమె చెప్పిన మార్పులు కొంచెమే. అన్నం తిన్న వెంటనే తాగే టీని గంట ఆగి తాగాలి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోవాలి. రోజూ ఒక గుడ్డు, సాయంత్రం గుప్పెడు చెనిక్కాయలు. మాత్రలు మానొద్దు, తిండి వాటికి తోడే గానీ బదులు కాదన్నారు.

"ఆపిల్ వద్దా మేడమ్?" ధైర్యం చేసి అడిగాను.

"మన పక్క యాడన్నా కాస్తాదా?"

"లేదు."

"అయితే చెనిక్కాయలు తిను."

తర్వాత అమ్మ వైపు తిరిగారు. "నువ్వేం తింటివమ్మా?"

"నాదేముంది మేడమ్, మిగిలింది."

"మిగిలింది అంటే ఏం కూర? నాకెప్పుడూ ఎవురూ వండిపెట్టలేదే!"

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మకు రాయడం రాదు. మేడమ్ కాగితం మీద సున్న గీసి చూపించారు. పొద్దున సంగటి ముద్ద నిండుగా తింటే క్యాలెండరు గడిలో సున్న, సగం తింటే సగం, తినకపోతే ఖాళీ. ఆ తర్వాత అమ్మతో మాట్లాడాలని నన్ను బయటికి పంపారు. బెంచీ మీద మళ్లీ పుస్తకంలో పడ్డాను.

మర్నాడు అమ్మ మాతోపాటే పళ్లెం పెట్టుకుంది. నాయన వింతగా చూశాడు.

"ఏమే, నువ్వూ డ్యూటీకి పోతాండావా?"

"బడికి పోతాండా. మేడమ్‌కు హాజరు చూపీయల్ల."

రెండో వారం నుంచి మా ఇంట్లో నాలుగు గుడ్లు ఉడికాయి.

మూడు నెలలకు వచ్చిన రక్తం చీటీని నాయన రెండుసార్లు చదివాడు. "సరే, పెట్టె సర్దుకో" అన్నాడు.

సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమెను చూసేదాన్ని. బాగున్నావా అని అడిగేవారు కాదు. "నిన్న ఏం తింటివి?" అనేవారు. నేను ఆగి, గుర్తు చేసుకుని చెప్పేదాన్ని. అంత మామూలు ప్రశ్న అడిగి, జవాబు చివరిదాకా వినేవాళ్లు నాకు ఇంకెవరూ తెలియదు.

మేడమ్ పోయిన రోజు సాయంత్రం ఆమె ఇంటి నుంచి తిరిగొచ్చాక అమ్మ పెన్సిలు అందుకుని ఆ రోజు గడిలో సగం సున్న గీసింది. గోడ వైపే చూస్తూ చెప్పింది. నన్ను బయట కూర్చోబెట్టిన రోజే మేడమ్ అమ్మకూ రక్తపరీక్ష రాశారట. తెలిస్తే నేను హాస్టలు మానుకుంటానని, నాకు చెప్పొద్దని అమ్మే అడిగిందట.

అమ్మ రక్తం నాకన్నా తక్కువ ఉండింది.