గీతలు అరిగిన సాలగ్రామం

నేను పాఠం చెప్పే గది కిటికీలోంచి చూస్తే కొండ కనిపిస్తుంది. ఆ కొండ రాళ్ళలో ఒక్క గుల్ల కూడా లేదు. ఒంటి మీద గుల్ల కట్టుకునే ప్రాణి ఏదీ భూమ్మీద పుట్టకముందే పేరుకుని గట్టిపడిన ఇసుక అది. అలాంటి ఊళ్ళో కూర్చుని నేను చేసేది రాయిగా మారిన ఆల్చిప్పల చదువు. తిరుపతిలో ఆ పని పెట్టుకోవడం ఎడారిలో చేపల కొట్టు తెరవడమేనని మా డిపార్ట్‌మెంటు పెద్దాయన ఒకాయన ప్రతి ఏడాదీ కొత్త పిల్లల ముందు నన్ను ఆటపట్టించేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని.

గుల్లల కోసం మేము తమిళనాడులోని అరియలూరు పోతాం. చిత్తూరు, వేలూరు మీదుగా బస్సులో పగలంతా ప్రయాణం. సిమెంటు కోసం సున్నపురాయి తవ్విన గోతుల్లోకి దిగితే ఆల్చిప్పలు కాలికి తగులుతాయి. అక్కడ ఒకప్పుడు సముద్రం. వాటిని తెచ్చి, కడిగి, ఆరబెట్టి, ఒక్కోదాని వీపు మీద తెల్ల రంగు చుక్క పెట్టి, ఆ చుక్క మీద నల్ల సిరాతో అంకె వేస్తాం. ఏ ఊరి గొయ్యి, ఏ పొర అన్నది పక్కనే చీటీలో రాస్తాం. ఎక్కడ దొరికిందో తెలియని గుల్ల ఎంత అందంగా ఉన్నా మనకు పనికిరాదని నా మొదటి క్లాసులో మొదటి మాటగా చెబుతాను.

అలాంటి ఆల్చిప్పలే మడగాస్కర్‌లోనూ దొరుకుతాయి. లోతు లేని నీళ్ళలో, బురదలో కూరుకుని బతికే ప్రాణి అది. మధ్యలో ఉన్న అంత సముద్రాన్ని దాటి అవతలి ఒడ్డుకు పోవడం దాని వల్ల కాదు. కాబట్టి నేలే జరిగి ఉండాలి. ఏ పొర దాకా రెండు చోట్లా ఒకే రకం ఉన్నాయో, ఏ పొర నుంచి రకాలు వేరవుతూ వచ్చాయో చూసుకుంటూ పోతే రెండు తీరాలూ ఎప్పుడు విడిపోయాయో అంచనాకు వస్తుంది. అన్నదమ్ములు వేరుపడి పొయ్యిలు రెండయ్యాక కొన్నాళ్ళకు ఆ ఇంటి పులుసుకూ ఈ ఇంటి పులుసుకూ రుచి మారిపోతుంది చూడండి, అలాగన్నమాట.

కాలేజీలో ఇలా ఖండాలు జరిపే నేను మా ఇంట్లో దేవుడి గది గడప దాటేదాన్ని కాదు.

మాది గుడి కైంకర్యాల ఇల్లు. నాయన గుడిలో పారాయణం చేసి రిటైరైనవాడు. అమ్మ పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే. దేవుడి గదిలో ఇత్తడి పెట్టె, పెట్టెలో సాలగ్రామం. నాయన తాత నేపాల్‌లో గండకీ నది దాకా వెళ్ళి తెచ్చాడని కొందరు, ఎవరో బైరాగి ఇచ్చి పోయాడని కొందరు చెప్పేవాళ్ళు. రోజూ పొద్దున దానికి నీళ్ళతో తిరుమంజనం చేయాలి, తులసి వేయాలి, వండింది ఆరగింపు పెట్టాలి. ఒక్క రోజు కూడా తప్పకూడదు. ఆడవాళ్ళు దాన్ని తాకకూడదు. అమ్మ నీళ్ళ చెంబు తెచ్చి గడప ఇవతల పెట్టేది, నాయన లోపలినుంచి వంగి అందుకునేవాడు. అమ్మ తర్వాత ఆ చెంబు నాదయింది.

సాలగ్రామం అంటే ఏమిటో నాకు కాలేజీలో చదువుకునేటప్పుడు తెలిసింది. సెలవులకు వచ్చి, భోజనం దగ్గర నాయనకు చెప్పాను. ఆ రాయిలో చక్రంలా చుట్టుకుని ఉన్నది అమ్మోనైట్ అనే సముద్రపు ప్రాణి గుల్ల అని, ఇప్పుడు హిమాలయాలున్న చోట అప్పుడు సముద్రముండేదని, మన నేల అప్పటికి భూమధ్యరేఖకు దిగువన ఎక్కడో ఉందని, దాని ఒడ్డున ఈ ప్రాణి బతికిందని, ఆ తర్వాత నేల పైకి జరిగి జరిగి ఆసియాను గుద్దుకుంటే సముద్రపు అడుగు కొండలై లేచిందని చెప్పాను. పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. నాయన చారన్నం కలుపుతూనే విన్నాడు.

"అంటే స్వామి మొదట్నుంచీ దక్షిణాదివాడే," అన్నాడు. "పాపం ఆ పక్కకు పోయి, మళ్ళా మన ఊరికి వచ్చినాడు."

"అట్ల కాదు నాయనా."

"నువ్వు చెప్పిందే గదా నేనూ చెప్పినాను."

ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి చదువులో తేలిందప్పా అని నన్ను సాక్ష్యానికి పిలిచేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి బంధువుల ముందే అనేశాను: అమ్మోనైట్ ఈదే ప్రాణి, చచ్చాక కూడా దాని ఉత్త గుల్ల నీళ్ళ మీద తేలి ఎక్కడెక్కడికో కొట్టుకుపోతుంది, నేల ఎటు జరిగిందో చెప్పడానికి అడుగున పడి ఉండే ఆల్చిప్పే మంచి సాక్షి, ఇది వట్టి తిరుగుబోతు అని. ఆ పూట నాయన నాతో మాట్లాడలేదు.

నా కోపం నిజానికి దాని గురించి కాదు. ఎక్కడెక్కడి అమ్మోనైట్లో నా చేతుల మీదుగా పోయాయి. మా ఇంట్లో ఉన్న ఒక్కటి మాత్రం గడప ఇవతలి నుంచి, తులసాకుల సందులోంచి, నల్లగా కొంచెం కనిపించేది. గుల్ల చుట్టల మీద పక్కటెముకల్లా గీతలుంటాయి. అవి ఎంత దగ్గరగా ఉన్నాయి, ఎక్కడ రెండుగా చీలాయి అన్నదాన్ని బట్టి దానికి పేరు పెడతాం. ఒక్కసారి చేతికిస్తే పేరు చెబుతానని నాయన్ను అడిగేదాన్ని. "ఆయనకు పేరు ఉండాది గదా," అనేవాడు. అడగడం మానేశాను కానీ, ఆశ చావలేదు.

పోయిన ఏడు నాయనకు గజ్జల్లో వాపు వచ్చింది. హెర్నియా అన్నారు. పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే ఆపరేషన్ చేయించుకోమన్నాడు డాక్టరు. నాయన చెవిన పెట్టలేదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో సాలగ్రామానికి ఎవరు చేస్తారన్నదే ఆయన పట్టుదల. చిత్తూరులో ఉండే మా మేనత్త కొడుకు వస్తానని మాటిచ్చాడు. అంతలో అతనికి కూతురు పుట్టింది. పురుడు ఉండగా పూజకు పనికిరాడు. పక్క వీధి అర్చకుడికి కొండ మీద వంతు పడింది. పోనీ గుడిలో అప్పగించి వద్దామన్నాను.

"ఆడికి పోతే మళ్ళా మనింటికి యాడొస్తాడు," అన్నాడు నాయన.

పురుడు తీరేదాకా ఆగుదామని మొండికేశాడు. ఒక పొద్దున నేను నీళ్ళ చెంబు తెచ్చేసరికి గోడకు ఒరిగి, పొత్తికడుపు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముఖమంతా చెమట. వాపు రాయిలా గట్టిపడింది. పడుకోబెట్టాక కాసేపటికి మెత్తబడింది. భయంలో నోటికొచ్చింది అనేశాను.

"ఈ పంతంతో నువ్వే పోతే ఆయనకు చేసేదెవరు నాయనా?"

మధ్యాహ్నం మజ్జిగ ఇవ్వబోతే నాయన నా చేయి పట్టుకుని తిప్పి చూశాడు. సిరా మరకలు, గోళ్ళ సందుల్లో సున్నపురాయి పొడి.

"పగలంతా ఈ చేతుల్లో ఉండేది స్వామి వాళ్ళే గదా మా," అన్నాడు. "నువ్వే చెయ్యి." గ్లాసు అందుకుని, ఆగి, "తెల్ల చుక్క పెట్టొద్దు. అంకె వెయ్యొద్దు," అన్నాడు.

పెట్టనన్నాను. నవ్వుతూనే వంటింట్లోకి పోయి, అక్కడ ఏడ్చాను. ఇంత కాలం కావాలనుకున్నది ఇట్లా, ఆయన ప్రాణం మీదికి వచ్చినప్పుడు, చేతికి రావడం నాకు నచ్చలేదు.

మర్నాడు ఆసుపత్రిలో చేర్పించాను. ఆపరేషన్ రోజు పొద్దున్నే తలస్నానం చేసి, గడప దాటి, పీట మీద కూర్చున్నాను. చీర కొంగున నా భూతద్దం ముడేసి ఉంది. దాచడమెందుకు, దాని కోసమే తొందరపడ్డాను. పెట్టె తెరిచి, తులసి తీసి, రాయిని అరచేతిలో పెట్టుకున్నాను. అనుకున్నదానికంటే బరువుంది. అద్దం పెట్టి చూశాను.

గీతలు లేవు. చుట్ట ఆనవాలు ఉంది, చక్రమని చెప్పుకోవడానికి సరిపోయేంత. దాని మీద ఉండాల్సిన గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. వెలుతురు వైపు తిప్పి ఎంత చూసినా పేరు పెట్టడానికి ఏమీ మిగల్లేదు. నది అరగదీసింది కొంత. మిగిలింది మా వాళ్ళే. నాయన తాత మొదలు రోజూ నీళ్ళు పోసి, వేళ్ళతో రుద్ది, బట్టతో తుడిచి. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. మోసపోయినట్టు మాత్రం కాసేపు అనిపించింది. తర్వాత నాయన చెప్పిపెట్టినట్టే నీళ్ళు పోసి, రుద్ది, తుడిచి, తులసి వేసి, ఉడికిన అన్నం చూపించి, ఆ నీళ్ళు చిన్న సీసాలో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను.

ఆపరేషన్ ముందు నోట్లో ఏమీ పోయకూడదని నర్సు చెప్పింది. నాయన సీసాను కళ్ళకద్దుకుని నాకే ఇచ్చాడు.

"అద్దం పెట్టి సూసినావా?" అన్నాడు.

ఆయనకు తెలుసు. "సూసినాను."

"ఏం పేరంట?"

"తెలీలేదు నాయనా. గీతలన్నీ అరిగిపోయినాయి."

"యాడికి పోయినాయి?"

చేతిలో సీసా చూసుకున్నాను. గీతలు ఒక్కరోజులో పోయేవి కావు. రుద్దినప్పుడల్లా కంటికి కనిపించనంత పొడి నీళ్ళలో కలిసి ఉంటుంది. ఆ నీళ్ళు తీర్థమని రోజూ ఇంటిల్లిపాదీ అరచేతిలో పోయించుకున్నాం. అమ్మ, నేను గడప ఇవతల నిలబడి పోయించుకున్నాం.

"మనమే తాగేసినాం," అన్నాను.

నాయన నావైపు తిరిగాడు. "నువ్వు గూడానా?"

"చిన్నప్పట్నుంచీ నువ్వే గదా పోసింది."

అంతలో స్ట్రెచర్ వచ్చింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చి, కుట్లు ఆరేదాకా పూజ నాతోనే చేయించాడు. పడక మీదినుంచే పొరపాట్లు దిద్దాడు, చాలానే. లేచి కూర్చోగలిగిన మొదటి పొద్దున తనే స్నానం చేసి పీట మీదికి చేరాడు. నా వంతు అయిపోయిందని నాకు అర్థమైంది. ఎప్పటిలాగే చెంబుతో నీళ్ళు తెచ్చి గడప ఇవతల పెట్టి వెనక్కి తిరిగాను.

"ఆడ పెడితే నేనెట్ల వంగేది మా," అన్నాడు నాయన. "లోపలికి తే."

పీట పక్కనే ఇంకో పీట వేసి ఉంది.