గోడ మీది ఆజ్ఞలు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. నాకు రక్షణ దొరికిందని ఒకటి, నాకు ఇంగ్లీషు వచ్చని మరొకటి. మొదటిదాన్ని ఇంతవరకూ ఎవరూ కదిలించలేకపోయారు, దేవుడికి స్తోత్రం. రెండోది ఎలా కదిలిందో చెబుతాను. మా తాత, ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన మా తమిళ ఊళ్లో, ఉప్పళం పేటలోని మా సంఘానికి పెద్ద. ఇంట్లో తెలుగు మాట్లాడతామే గానీ చదవడం ఎవరికీ రాదు (ఈ అక్షరాలు నేను పెళ్లయ్యాక నేర్చుకున్నవి). అందుకని తాత వాక్యం చదివేది ఇంగ్లీషులోనే, ఎప్పుడో ఒక దొరసాని ఇచ్చి వెళ్లిన అట్ట ఊడిన పాత గ్రంథంలోంచి. రోజూ పొద్దున ఒక అధ్యాయం నా చేత అప్పజెప్పించుకునేవాడు. "ఇదే అసలు ఇంగ్లీషు పాపా. బయట మాట్లాడేదంతా అరిగిపోయిన సరుకు" అనేవాడు. బడిలో పంతులుగారు ఇంగ్లీషును కూడా తమిళంలోనే చెప్పేవారు కాబట్టి తాతకు పోటీ లేదు. అలా బట్టల్ని రెయిమెంట్ అనాలని, ఎదుటి మనిషిని దౌ అనాలని, ఏదైనా చూపించాలంటే ముందు బిహోల్డ్ అనాలని నేర్చుకున్నాను. సబ్బు ప్రకటనలో క్లోత్స్ అన్న మాట కనిపిస్తే, పాపం, చదువుకోనివాళ్లు రాసి ఉంటారనుకునేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో డిగ్రీ కూడా తమిళంలోనే ముగించాను. అమ్మకు దూరపు అన్న అయిన మామ ఒకాయన సముద్రం దగ్గరి వీధిలో గెస్ట్‌హౌస్ నడిపేవాడు. మూడు నెలలు చూసి నచ్చితే ఉంచుకుంటానని నన్ను రిసెప్షన్‌లో కూర్చోబెట్టాడు. తాత ఈ సంగతి ఆదివారం సంఘంలో లేచి నిలబడి ప్రకటించాడు. దాంతో అరవై మంది నా ఉద్యోగం కోసం ప్రార్థన మొదలుపెట్టారు. అది పోతే అరవై మందికీ జవాబు చెప్పుకోవాలి. నేను నోరు విప్పగానే తెల్లవాళ్లు కళ్లు పెద్దవి చేసేవారు. ఫ్రెంచివాళ్లు కదా, నేర్చుకుంటున్నారులే అని ఓపిక పట్టేదాన్ని.

ఒకరోజు మామ గదుల్లో పెట్టడానికి ఇంగ్లీషులో రూల్సు రాయమన్నాడు. ఎనిమిది గదులకు ఎనిమిది అట్టలు (ఆజ్ఞలు ఎలా ఉండాలో నాకొకరు చెప్పాలా?). "దౌ షాల్ట్ నాట్ వాష్ దై రెయిమెంట్ ఇన్ ది బేసిన్" అని మొదలుపెట్టాను, అంటే చేతులు కడిగే చోట బట్టలు ఉతకరాదని. "బిహోల్డ్, ది గీజర్ ఈజ్ హాట్. టచ్ ఇట్ నాట్, లెస్ట్ దౌ పెరిష్." అంటే గీజర్ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే నశించెదవు. మామ చదివి, "బో ఘనంగా ఉండాదే!" అన్నాడు.

రెండు వారాల్లో అట్టలు మాయం కావడం మొదలైంది. "తువాలు పోతాది, సోపు పోతాది, ఒప్పుకుంటా. అట్ట యాడికి పోతాది? దాన్నెవుడు తింటాడు?" అని మామ అరిచాడు. గదులు ఊడ్చే అక్క చీపురు కింద పడేసి యజమాని వైపు తిరిగింది. "నన్ను జూస్తారేంది మొదలాళీ? నాకు ఏ బాసా చదవను రాదు. ఆ పాపనే అడగండి. దినామూ అట్టల ముందర కండ్లు మూస్కోని నిలబడేది ఆ పాపే." నిజమే. నేను రాసినవి ఫలించాలని ప్రార్థించేదాన్ని. అన్నీ మళ్లీ రాసి, చివర "దౌ షాల్ట్ నాట్ స్టీల్ దిస్ బోర్డ్" అని కొత్త ఆజ్ఞ చేర్చాను. అవి ఇంకా త్వరగా పోయాయి. "శనివారం లోపల దొంగ దొరకలేదంటే నువ్వు ఇంటికి పోవాల్సిందే పాపా" అని మామ తేల్చేశాడు. నేను ఉపవాసం మొదలుపెట్టాను.

శనివారం పొద్దున గది ఖాళీ చేస్తున్న ఒక ఇంగ్లండు దొరసాని సంచిలోంచి అట్ట తీసి నా ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చి గబగబా ఏదో అంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. తప్పు ఒప్పుకుంటోందని మాత్రం తెలిసిపోయింది. "ఐ ఫర్గివ్ దీ, డాటర్" అన్నాను (ఆవిడకు అరవై దాటి ఉంటాయి). ఆవిడ భుజాలు కదిలాయి, కళ్ల వెంట నీళ్లు కారాయి. పశ్చాత్తాపం! నాకూ కన్నీళ్లు ఆగలేదు. ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. ఆవిడ భర్త ఎందుకో ఫోటో తీశాడు.

మామ పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ భర్త నిదానంగా చెప్పినదంతా విని నా వైపు తిరిగాడు. "అది నాలుగు నూర్ల ఏండ్ల ముందర ఇంగ్లీషంట పాపా! ఇప్పుడెవురూ మాట్లాడరంట. వీళ్ల స్నేహితురాలి ఇంట్లో మన అట్ట ఫ్రేము కట్టుండాదంట. దాన్ని జూసే ఈడికొచ్చినారంట. నిన్ను సంతకం చెయ్యమంటా ఉండాది."

"ఫ్రేము ఎందుకు మామా?"

"నవ్వుకునేదానికి. ఉద్యోగం నీదే పో! ఇంగ్లీషు మాత్రం మార్చబాక."

మెట్ల మీద కూలబడ్డాను. అక్క పక్కన కూర్చుని, "ఏడస్తా ఉండావా, నవ్వతా ఉండావా?" అంది. "తెలీదక్కా" అన్నాను. దేవుడికి వందనాలు చెప్పాను గానీ, దేనికి చెబుతున్నానో నాకే తెలియలేదు.

రోషంతో ఏడాదిలో మామూలు ఇంగ్లీషు నేర్చేసుకున్నాను. అట్టలు మాత్రం మామ మాట ప్రకారం పాత పద్ధతిలోనే రాశాను, నవ్వు వచ్చేలా పాత మాటలు వెతికి మరీ. అవి గోడల మీదే ఉండిపోయాయి. ఒక్కటీ పోలేదు. "ఏంది పాపా, ఎవురూ దొంగిలించడం లేదే?" అని మామ దిగులుపడేవాడు. రిసెప్షన్‌లో కొత్తగా కూర్చున్న అప్పటి నేను, ఆ అమ్మాయి, రాసినంత నమ్మకంగా ఒక్క వాక్యం రాయడం నాకు చేతకాలేదు. ఇప్పుడు ఎదురుపడితే ఆమె తప్పులు దిద్దను. కుర్చీ వేసి, మామ కోసం ఒక్క అట్ట రాసిపెట్టి పొమ్మంటాను.