గది లేని తలుపు

మరి మీరే చెప్పండి. తలుపుంది, తలుపుకి తాళముంది, తాళానికి చెవి దూరే కన్నముంది. అవతల మాత్రం గది లేదంటే ఎవరైనా నమ్ముతారా? ఇంకొకరైతే పోనీలే అని ఊరుకునేవారేమో. తాళాలక్క ఎలా ఊరుకుంటుంది? పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చూసిందే తాళాలాయె.

ఆవిడ కొట్టు చెప్పుల షాపుకీ జిరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. కొట్టంటే పెద్ద కొట్టేం కాదు, నిలబెట్టిన బీరువాలాంటి రేకు డబ్బా. లోపల ఆవిడ, ఆవిడ స్టూలు, చెవిని కదలకుండా పట్టే ఇనప బిగింపు, ఆకురాళ్లు. గోడ నిండా మేకులకి వేలాడే కోయని తాళం చెవులు. లారీ వెళ్లినప్పుడల్లా అవన్నీ గలగలమంటాయి. వచ్చినవాళ్లు రోడ్డు మీదే నిలబడాలి. తండ్రి దగ్గర నేర్చుకున్న పని అది. పెళ్లయినా, భర్త పోయినా, కొడుకు చేతికి అందొచ్చి "ఇక ఇంట్లో కూర్చోమ్మా" అని బతిమాలినా ఆ డబ్బా వదల్లేదు. చెవి కోసేటప్పుడు నోరు విప్పదు. రుద్దుతుంది, పొడి ఊదుతుంది, వేలితో తడుముతుంది, మళ్లీ రుద్దుతుంది. అది తాళంలో తిరిగిందా, ఇక ఆవిడ్ని ఆపలేం. మీ తాళం పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పి గానీ చెవి చేతికివ్వదు.

తండ్రి ఆవిడకి రెండు మాటలు చెప్పిపోయాడు. పక్కింటివాళ్లని సాక్షిగా నిలబెట్టనిదే ఎవరింటి తాళమూ ముట్టుకోకు అన్నది ఒకటి. చెవి లేని తాళం లోకంలో లేదు, పోయి ఉంటుంది, విరిగి ఉంటుంది, లేకపోతే ఎవరో దాచి ఉంటారు అన్నది రెండోది. మొదటి మాట ఆవిడకి పేరు తెచ్చింది. రెండోది కొంప ముంచింది.

ఆవిడకో చెల్లెలుంది. ఊరికి ఆ చివర, వంతెన అవతల ఉంటుంది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. మొగుడు లారీ డ్రైవరు, వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. పిల్లలు లేరు. అక్కాచెల్లెళ్లు ఉన్నది ఒకే ఊళ్లో అయినా కలుసుకునేది ఎప్పుడో. ఫోన్ చేసుకున్నా నీ మోకాలు ఎలా ఉంది, నా నడుము ఇలా ఉంది దగ్గరే ఆగిపోయేవాళ్లు. ఇది చూసి తాళాలక్క కోడలు ఇద్దరి ఫోన్లలోనూ ఒక ఆట పెట్టింది. ఆ పిల్ల ఆస్పత్రిలో రక్తపరీక్షల గదిలో పని చేస్తుంది, ఖాళీ దొరికితే ఫోన్లో ఆటలే.

ఆటలో సముద్రం ఒడ్డున పాడుబడ్డ మేడ ఒకటి ఉంటుంది. అక్కకో బొమ్మ, చెల్లెలికో బొమ్మ. ఇద్దరూ కలిసి ఆ మేడ ఊడ్చి, కడిగి, రంగులేసి, కుర్చీలూ మంచాలూ సర్దుకోవాలి. అంతే ఆట. ఇంట్లో ఊడ్చింది చాలక ఇందులో కూడానా అని మొదట్లో తాళాలక్క నవ్వింది. తర్వాత డబ్బా మూయడం ఆలస్యం, ఫోన్ స్పీకర్లో పెట్టి మేడలో దూరేది. విచిత్రం ఏమిటంటే, బొమ్మలు పక్కపక్కన నిలబడి గోడ కడుగుతుంటే చెల్లెలి నోట ఎన్నడూ రాని మాటలు వచ్చేవి. పిల్లలు లేరని ఎవరెవరు ఏమన్నారో, ఏ పండక్కి ఎవరింట్లో పిలుపు అందలేదో, అన్నీ. ముఖాముఖి కూర్చుంటే చెప్పేది కాదు. ఆ మేడలో ఉన్నంత దగ్గరగా చెల్లెలు ఆవిడకి ఒకే మంచం మీద పడుకున్న రోజుల్లో కూడా లేదు.

మేడ మీద వసారా చివర ఉండేది ఆ నీలం తలుపు. దానికి ఇత్తడి తాళం. తాళాలక్క తెర మీద చూసే పాతకాలపు లీవర్ తాళం అని చెప్పేసింది. దాన్ని ముట్టుకుంటే "ఇప్పుడు కాదు" అని అక్షరాలు వచ్చేవి. ఇప్పుడు కాకపోతే ఎప్పుడో చెప్పదు. వాచ్‌మన్ కూడా ఇంతకన్నా మర్యాదగా చెబుతాడు అని ఆవిడకి ఒళ్లు మండేది. పూలకుండీల కింద, పరుపుల కింద, బావిలో, పొయ్యిలో, అంతా వెతికింది. చెవి లేదు.

పైగా ఆ మేడ ఒక తీరున ఉండి చావదు. నిన్న లేని పిల్లి ఇవాళ మెట్ల మీద ఉంటుంది. బావి కుడిపక్క నుంచి ఎడమపక్కకి పోతుంది. తన మంచం ఎవరు జరిపారని కోడల్ని నిలదీసింది.

"ఆట వదిలాక కూడా చేస్తూనే ఉంటారు అత్తయ్యా. సగం మేడ కట్టి ముందు మనకిచ్చారు. మిగతాది కొంచెం కొంచెం పంపుతారు. అప్‌డేట్ అంటారు. అంతా ఫ్రీనే."

"ఇచ్చేశాక ఇంకా చేయడమేంటే? నేను చెవి కోసిచ్చాక రోజూ వాళ్లింటికెళ్లి దానికి ఇంకో పన్ను కోసొస్తున్నానా?"

"ఆ నీలం తలుపు వెనక కూడా ఇంకా ఏం లేదు. తలుపు ముందు పెట్టారు. గది తర్వాత వస్తుంది."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది అనుకుంది తాళాలక్క. జిరాక్సు అతన్ని అడిగితే కోడలు చెప్పిందే చెప్పాడు. చదువుకున్న పిల్ల అబద్ధం చెప్పదని తెలుసు. గది లేకుండా తలుపుకి తాళం వేసేవాడు మాత్రం ఉంటాడా? ఏది నమ్మాలో తెలియక కొట్టులో కూర్చుని ఒక చెవి తప్పు కోసింది కూడా. ఆవిడ చేతిలో ఎప్పుడూ జరగనిది అది.

అంతలో ఆవిడకి జ్వరం తగిలి కొన్నాళ్లు మేడ ముఖం చూడలేదు. లేచి వెళ్లేసరికి చెల్లెలి బొమ్మ నడుముకి తాళం చెవుల గుత్తి వేలాడుతోంది. తన బొమ్మకి లేదు.

"నడుముకి అదేంటే?" అంది.

"ఏమో అక్కా. మొన్న ఆట తెరిస్తే బహుమతి అని వచ్చింది. ఆ రోజుల్లో తెరిచినవాళ్లకే అంట."

"అందులో నీలం తలుపుది ఏది?"

"అవి దేనికీ పట్టవక్కా. ఊరికే అలంకారం."

"తాళం చెవులు అలంకారమా? ఎవరితో చెబుతున్నావో తెలుస్తోందా? తెరిచి లోపలికెళ్లి వచ్చుంటావు."

చెల్లెలు నవ్వబోయింది. ఆ నవ్వే తాళాలక్కకి గుచ్చుకుంది.

"చిన్నప్పటి నుంచీ నీది దాచుకునే బుద్ధే" అనేసింది.

అవతల ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత చెల్లెలు నెమ్మదిగా అంది. "దాచుకోవడానికి నా దగ్గర ఏముందక్కా?"

ఫోన్ పెట్టేసింది. మేడలో చెల్లెలి బొమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆడేవాళ్లు వదిలేసి వెళ్తే బొమ్మలు ఉన్నచోటే అలా చతికిలపడతాయి, తల కొంచెం వాల్చి.

ఆ తర్వాత చెల్లెలు ఫోన్ ఎత్తలేదు. తాళాలక్క కూడా బింకంగానే ఉంది, చెవి దాచింది అది, మాట పడింది అది, నాకేం అని. కానీ సాయంత్రం మేడలోకి వెళ్తే మెట్ల మీద ఆ బొమ్మ. పైకి వెళ్లాలంటే దాన్ని తప్పించుకుని వెళ్లాలి. చీపురు పట్టుకుని దాని చుట్టూ ఊడ్చేది. దుమ్ము మళ్లీ పడేది, మళ్లీ ఊడ్చేది. మేడలో వేరే పనేమీ ముట్టుకోలేదు. కొట్టులో మేకుకి చెల్లెలి ట్రంకుపెట్టె తాళం వేలాడుతోంది. గొడవకి ముందు బాగుచేయమని ఇచ్చింది. బాగయ్యి, నూనె పెట్టి, చెవి దారంతో దానికే కట్టి ఉంచింది. తీసుకెళ్లడానికి చెల్లెలు రాలేదు. ఇవ్వడానికి ఈవిడ పోలేదు.

ఒక పొద్దున డబ్బా తెరిచి కూర్చుందో లేదో, ఫోన్లో అప్‌డేట్ గీత ఒకటి మెల్లగా నిండటం మొదలుపెట్టింది. నిండాక మేడలోకి వెళ్లి అలవాటుగా నీలం తలుపు దగ్గర నిలబడింది. తాళం లేదు. తలుపు బార్లా తీసి ఉంది. అవతల విశాలమైన వరండా, ఎదురుగా సముద్రం, రెండు పేము కుర్చీలు. గాలికి తెర కూడా ఊగుతోంది.

తాళాలక్క లోపలికి వెళ్లలేదు. ముందు గడప చుట్టూ చూసింది, విరగ్గొట్టిన గుర్తుందేమోనని. లేదు. కోడలికి ఫోన్ చేసింది.

"తాళం ఎవరు తీశారే?"

"ఎవరూ తీయలేదత్తయ్యా. గది తయారైంది, తాళం పీకేశారు. ఆట ఆడేవాళ్లందరికీ ఒకేసారి తెరుచుకుంది."

"మరి చెవి?"

"చెవి ఎప్పుడూ లేదు."

"అయితే ఆ గుత్తి..." అని ఆగిపోయింది. ఎప్పుడూ లేని చెవిని దాచావని చెల్లెల్ని అనేసింది. లేని గదికి తాళం వేసినవాళ్లు హాయిగా ఉన్నారు. మధ్యలో తనకేం పోయేకాలం వచ్చిందో ఆవిడకి బోధపడలేదు. మేకు మీది తాళం తీసి సంచిలో వేసుకుంది. డబ్బా మూసింది. వంతెన అవతలికెళ్లే బస్సెక్కింది.

ఆవిడ ఎవరికీ తప్పయిందని చెప్పి ఎరగదు, చెల్లెలికైతే అసలే చెప్పలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పి చూసింది. ముందు తాళం ఇచ్చి తర్వాత చెప్పడమా, చెప్పి తర్వాత ఇవ్వడమా? తాళం బాగుందా అని అడుగుతూ మధ్యలో అనేస్తే బాగుంటుందేమో. వంతెన కనబడేసరికి ఫోన్ మోగింది. చెప్పుల షాపాయన. వాళ్లమ్మ స్నానాలగదిలో ఉండగా తాళం పట్టేసిందట, ఎంత తిప్పినా రావడం లేదట.

తాళాలక్క దిగిపోయింది. దిగక ఏం చేస్తుంది? ఎదురు బస్సులో వెనక్కొచ్చి, ఆ కంగారులో కూడా పక్కింటావిడ వచ్చి నిలబడేదాకా తాళం ముట్టుకోలేదు. తర్వాత ఎంతోసేపు పట్టలేదు. తలుపు తెరుచుకోగానే ముసలావిడ తల తుడుచుకుంటూ బయటికొచ్చి, "మీ నాన్నయితే ఈపాటికి టీ కూడా తాగి వెళ్లేవాడు" అంది.

ఆ ఇంటి మెట్టు మీదే కూర్చుని ఊపిరి పీల్చుకుంటూ తాళాలక్క ఫోన్ తీసింది. మేడలో మెట్లు ఖాళీగా ఉన్నాయి. పైకి పరుగెత్తించింది బొమ్మని. చెల్లెలి బొమ్మ వరండాలో ఒక కుర్చీలో కూర్చుని ఉంది, సముద్రం వైపు తిరిగి.

వచ్చింది. తనంతట తనే వచ్చింది. ఆవిడ తన బొమ్మని రెండో కుర్చీలో కూర్చోబెట్టి, పలకరిస్తుందేమోనని చూసింది. ఆ బొమ్మ తల కొంచెం వాలి ఉంది. మళ్లీ కోడలికి ఫోన్.

"చిన్నత్త మేడలోకి వచ్చిందే. కుర్చీలో కూర్చుంది."

కోడలు సంతోషపడబోయి తడబడింది. "వచ్చే ఉంటారు అత్తయ్యా. కాకపోతే, కొత్త గది తెరిచినప్పుడు ఊరికే ఉన్న బొమ్మల్ని వాళ్లే అందులోకి చేరుస్తుంటారు."

"నా బొమ్మని చేర్చలేదుగా?"

"మీరు పొద్దున ఆడుతూనే ఉన్నారు కదా."

"అయితే వచ్చిందా, చేర్చారా?"

"నాకెలా తెలుస్తుంది? చిన్నత్తనే అడగండి."

అడగాలి నిజమే. ఫోన్ చేస్తే మోగింది, మోగింది, ఆగిపోయింది. లాండ్రీలో ఆ యంత్రాల హోరులో వినబడదు. లేక వినబడే ఎత్తలేదో. తాళాలక్క బస్టాపు దాకా నడిచింది. వంతెన అవతలికెళ్లే బస్సు వచ్చి ఆవిడ ముందే ఆగింది. ఎక్కబోయి, మెట్టు మీద కాలు పెట్టి మళ్లీ తీసింది. వెళ్లి తలుపు కొడితే తెలిసిపోతుంది. వచ్చింది చెల్లెలైతే సరే. కాకపోతే ఆ రెండో కుర్చీలో తను ఎవరి పక్కన కూర్చున్నట్టు? కండక్టర్ "ఎక్కుతావా అమ్మా, లేదా" అన్నాడు. బస్సు వెళ్లిపోయింది.

కొట్టు దగ్గర ఎవరో ఎదురుచూస్తున్నారని జిరాక్సు అతను కేకేశాడు. వెళ్లి డబ్బా తెరిచి స్టూలు మీద కూర్చుంది. సంచి తీసి మేకుకి తగిలించింది. చెల్లెలి తాళం అందులోనే ఉంది, చెవి దారంతో కట్టి ఉన్నది ఉన్నట్టే.